పెద్దపేగు దాకా చేరే ముద్ద

మన భోజనంలో ప్రతి ఆధరువుకీ దాని వాటా అన్నం ఉండాల్సిందే. పప్పులోకి కొంత, పులుసులోకి కొంత, చారులోకి కొంత, ఆఖర్న పెరుగులోకి కొంత. నెల్లూరు ట్రంకురోడ్డు మెస్సులో కూర్చున్నా, కోడూరులోనో ఇస్కపల్లిలోనో సొంతింట్లో పీట వేసుకున్నా వరస ఇదే. "అన్నం తగ్గించండి" అని డాక్టరు చెప్పిన మాట మన ఇళ్లలో నిలవకపోవడానికి కారణం కూడా ఇదే. ఆయన ఒక్కసారి చెప్తాడు, మనం పూటకు నాలుగుసార్లు పాటించాలి. మొదటి వారం పప్పన్నం తగ్గుతుంది, రెండో వారానికి పెరుగన్నం పెరుగుతుంది. నెల తిరిగేసరికి బరువు మొదటికొస్తుంది. "నాకు నోరు కట్టుకోవడం చేతకాదు" అని మనిషి తనను తానే తిట్టుకుంటాడు.

ఆ తిట్టు మానండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు మహిళల్లో మూడోవంతుకు మించి అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఇంతమందికి ఒకే తరంలో నిగ్రహం సన్నగిల్లిందంటే నేను నమ్మను. మారింది పళ్లెం. పళ్లెంతో పాటు, మన పేగుల్లో కాపురముంటున్న కోటానుకోట్ల సూక్ష్మజీవుల బతుకూ మారింది. వాటి ఆకలి సంగతి తెలిస్తే మన ఆకలిని సర్దుకోవడం కొంత తేలికవుతుంది.

2010లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మొదటి రచయిత మఠం విజయ్‌కుమార్. అప్పుడు ఆయన అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ గెవిర్ట్జ్ బృందంలో ఉన్నారు, తర్వాతి కాలంలో టొలెడో విశ్వవిద్యాలయంలో పనిచేశారు. పేగు గోడల్లో టీఎల్ఆర్-5 అనే కావలి ప్రొటీన్ ఒకటి ఉంటుంది. ఈదే బ్యాక్టీరియాకు ఉండే తోకల్ని పసిగట్టడం దాని పని. ఆ ప్రొటీన్ లేకుండా పుట్టించిన చిట్టెలుకలు మామూలు వాటికన్నా దాదాపు పదోవంతు ఎక్కువ తిన్నాయి, ఐదోవంతు ఎక్కువ బరువెక్కాయి. కొలెస్టరాల్ పెరిగింది, రక్తపోటు పెరిగింది, ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లకుండా పోయింది. తిండి కొలిచి పెడితే బరువు ఆగింది గానీ ఇన్సులిన్ తేడా అలాగే ఉండిపోయింది.

తర్వాత చేసిన పని నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. ఆ ఎలుకల పేగుల్లోని సూక్ష్మజీవుల్ని తీసి, పుట్టినప్పటి నుంచీ ఏ క్రిమీ అంటకుండా పెంచిన మామూలు ఎలుకలకు ఎక్కించారు. వీటి జన్యువుల్లో ఏ లోపమూ లేదు. అయినా ఇవీ ఎక్కువ తినడం మొదలుపెట్టాయి. ఒళ్లు రావడమొక్కటే కాదు, తినే తీరు కూడా సూక్ష్మజీవుల వెంట నడిచొచ్చింది. ఎలుకల్లో జరిగిందల్లా మనుషుల్లో జరుగుతుందని ఏ శాస్త్రవేత్తా అనడు, నేనూ అనను. కానీ ఆకలంటే మనసులో పుట్టే బలహీనత మాత్రమేనన్న నమ్మకాన్ని ఈ ప్రయోగం గట్టిగా కదిపింది.

ఇంకొకటి. సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ బృందం 2013లో వెలువరించిన పరిశోధనకు కవలల్ని ఎంచుకుంది. ఇద్దరిలో ఒకరు లావు, ఒకరు సన్నం. వారి మలంలోని సూక్ష్మజీవుల్ని వేర్వేరు ఎలుకలకు ఎక్కిస్తే, లావు మనిషివి ఎక్కిన ఎలుకలకు కొవ్వు పట్టింది, సన్నటి మనిషివి ఎక్కినవి సన్నగానే ఉన్నాయి. రెండు రకాల ఎలుకల్నీ ఒకే బోనులో ఉంచితే సన్నవాటి బ్యాక్టీరియా లావువాటిలోకి చేరి కొవ్వు పట్టకుండా కాపాడింది. అయితే అందుకొక షరతు ఉంది: మేతలో పీచు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉండాలి. మేత చెడ్డదైతే మంచి బ్యాక్టీరియా వచ్చి కూడా నిలవలేదు.

ఈ సంగతి నెల్లూరు తీరంలో రొయ్యల గుంట ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తవుడు, బెల్లం, ఈస్టు కలిపి పులియబెట్టి గుంటలో పోసేది రొయ్య కోసం కాదు, నీళ్లలో మంచి బ్యాక్టీరియా నిలబడడానికి. అది నిలబడితే రొయ్యకు జబ్బు తెచ్చే విబ్రియో తలెత్తదు. మేత ఎక్కువై అడుగున కుళ్లితే, రొయ్యకు వైట్ గట్ జబ్బు వచ్చాక ఎంత ఖరీదైన మందు పోసినా లాభం తక్కువ. చెక్ ట్రే ఎత్తి చూసి, మేత మిగిలిందా, పేగు నిండుగా ఉందా అని రోజూ గమనించే రైతు తన పేగు గురించి కూడా అంతే శ్రద్ధగా ఆలోచించవచ్చు. లోపల ఉన్నవాటికి ఏం పెడుతున్నాం? అసలు వాటిదాకా ఏమైనా చేరుతోందా?

చేరడం లేదన్నదే సమస్య. పాలిష్ పట్టిన బియ్యంతో వండిన వేడి అన్నం దాదాపు అంతా చిన్నపేగులోనే అరిగి రక్తంలోకి చక్కెరగా వెళ్లిపోతుంది. బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ఉండేది ఇంకా కిందికి, పెద్దపేగులో. మనం అరిగించుకోలేని పీచు, అరగకుండా మిగిలిన పిండిపదార్థం మాత్రమే అక్కడికి వెళ్తాయి. బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకు బ్యూటిరేటే ముఖ్యమైన తిండి. ఈ ఆమ్లాలు కడుపు నిండిందని చెప్పే హార్మోన్లను కూడా కదిలిస్తాయి. పీచు అందకపోతే కొన్ని బ్యాక్టీరియా పేగుకు రక్షణగా ఉండే జిగురుపొరనే తినడానికి దిగుతాయి.

ఎందులో పీచు ఎంతుందో మన హైదరాబాదులోనే లెక్క తేల్చారు. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహారాల పట్టికను ప్రచురించింది. వంద గ్రాముల తెల్లబియ్యంలో పీచు సుమారు 3 గ్రాములు. రాగుల్లో 11. పొట్టు పెసల్లో 17. ముడి శనగల్లో 25. చేపలో సున్నా. ఇదే సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినమంటాయి, ధాన్యాలను మొత్తం కేలరీల్లో 45 శాతానికి పరిమితం చేయమంటాయి. మన పళ్లెంలో ధాన్యం వాటా ఎంతో మీకు తెలుసు.

ఇక చేయాల్సిన పని.

నాలుగు చోట్లా కొంచెం కొంచెం అన్నం తగ్గించే ప్రయత్నం వద్దు. అది ఓడిపోయే పని. వరసలో ఒక దఫా అన్నం మొత్తంగా ఎత్తేయండి. నా సలహా, చారన్నంతో మొదలుపెట్టమని. చారు అన్నంలోకి పోసుకోకుండా గ్లాసులో తాగండి, రుచి ఎక్కడికీ పోదు. ఒక నెల అలవాటయ్యాక పెరుగును గిన్నెలో వేసుకుని, అందులోకి దోసకాయ ముక్కలో దానిమ్మ గింజలో కలుపుకుని తినండి. పెరుగన్నం లేనిదే భోజనం ముగిసినట్టుండదనేవాళ్లు మనలో ఎక్కువ, నాకు తెలుసు. వాళ్లు పెరుగన్నం ఉంచుకుని పులుసన్నం తగ్గించుకోవచ్చు. ఏది ఎత్తేయాలన్నది మీ ఇష్టం. ఎత్తేసిన చోట మాత్రం కూర ఉండాలి. అన్నం తీసి అక్కడ ఏమీ పెట్టకపోతే సాయంత్రం నాలుగింటికి చేయి మిక్చర్ డబ్బాలోకి వెళ్తుంది.

కూర అనగానే తీరప్రాంతపు ఇళ్లలో ఒక చిక్కు వస్తుంది. చేపల పులుసు కాచిన రోజు ఇంకో కూర వండరు. వంజరమో చందువో వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ అదే పండగ, ఇంకేం కావాలి? పులుసు కమ్మగా కుదిరిన కొద్దీ అన్నం ఎక్కువ దిగుతుంది, పెద్దపేగుకు మాత్రం ఆ పూట పస్తు. చేప మానమని చెప్పడానికి నాకు నోరు రాదు. కవళ్లు, నెత్తళ్లు లాంటి చౌక చేపల్లో గుండెకు మేలు చేసే కొవ్వులుంటాయి, ఆ భాగ్యం సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకు లేదు. పులుసు రోజున పక్కన గోరుచిక్కుడు కూరో, తోటకూర వేపుడో తప్పనిసరి చేయండి. పులుసులోనే వంకాయ, మునక్కాయ, బెండకాయ వేసే ఇళ్లున్నాయి. ఆ ముక్కల్ని పక్కకు నెట్టకుండా తినండి. పొద్దున్న పెసలో అలసందలో గుగ్గిళ్లు తిని ఉంటే పులుసు రోజున పెద్దగా లోటు ఉండదు.

పప్పుధాన్యాల మీద నాకు ప్రత్యేకమైన గురి ఉంది, దానికి కారణం చెప్తాను. ఢాకాలోని మీర్‌పూర్ మురికివాడలో బక్కచిక్కిన పిల్లల మీద గోర్డన్ బృందమూ అక్కడి తహమీద్ అహ్మద్ బృందమూ కలిసి చేసిన పరిశోధన 2021లో వెలువడింది. పేగు బ్యాక్టీరియాను దృష్టిలో పెట్టుకుని వారు తయారుచేసిన తిండిలో ముఖ్యమైనవి నాలుగు: శనగపిండి, వేరుశనగ, సోయాపిండి, పచ్చి అరటికాయ. మామూలుగా ఇచ్చే పోషకాహారం కన్నా ఇందులో కేలరీలు తక్కువ. అయినా మూడు నెలల్లో పిల్లలు బరువు పుంజుకున్న తీరు దీనితోనే మెరుగ్గా ఉంది. అక్కడ సమస్య చిక్కిపోవడం, ఇక్కడ సమస్య ఒళ్లు రావడం. రెండుచోట్లా కేలరీల లెక్క ఒక్కటే కథంతా చెప్పలేదన్నది గమనించండి. ఆ నాలుగింటిలో మూడు మన వంటింట్లో ఎప్పుడూ ఉండేవే. అరటికాయ వేపుడుకు నూనె ఎక్కువ పోస్తామే తప్ప అరటికాయకు ఏ దోషమూ లేదు. ఉడికించి పొడికూర చేసుకోండి.

కాకరకాయ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. షాంఘైలో లీపింగ్ ఝావో అనే శాస్త్రవేత్త తన ఊబకాయాన్నే పరిశోధనగా తీసుకుని, కాకరకాయ, ఒక రకం చైనా పెండలం, ముడి ధాన్యాలతో ఆహారం మార్చుకుని రెండేళ్లలో 20 కిలోలు తగ్గారు. తన ఒక్కడి అనుభవంతో ఆయన ఆగలేదు. 2018లో మధుమేహం ఉన్న 43 మంది మీద చేసిన అధ్యయనంలో, అందరికీ ఒకే మందు ఇచ్చి కొందరికి మాత్రం రకరకాల పీచు బాగా పెంచారు. పన్నెండు వారాల తర్వాత, రక్తంలో చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ 7 లోపుకు దిగినవారు పీచు ఎక్కువ తిన్నవారిలో 89 శాతం, మిగతావారిలో 50 శాతం. రకరకాల అన్న మాట మీద నేను వేలు పెట్టి చెప్తున్నాను. ఒక్కొక్క బ్యాక్టీరియాకు ఒక్కొక్క పీచు కావాలి. రోజూ ఒకే బెండకాయ వేపుడుతో పని జరగదు.

సద్దన్నం గురించి చాలా అడుగుతారు. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత గట్టిపడి అరగకుండా పెద్దపేగుకు వెళ్తుందన్నది నిజం. ఇండోనేసియాలో 2015లో కొలిచి చూశారు. వేడి అన్నంలో వంద గ్రాములకు 0.64 గ్రాములున్న ఆ పదార్థం, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి తిరిగి వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములైంది. పెరిగింది, కానీ పిడికెడు పెసల ముందు ఇది చిన్న మొత్తమే. మజ్జిగ పోసి పులిసిన సద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ మంచి పొద్దుటి తిండి. ఇడ్లీ, ఉప్మాల కన్నా దాన్ని నేను మెచ్చుతాను. అయితే సద్దన్నమే కదా అని గిన్నెడు తింటే ఫలితం గిన్నెడు అన్నానిదే. ఎండాకాలం రాత్రంతా వట్టి అన్నాన్ని గది వేడిలో వదిలేయకండి, అందులో వాంతులు తెప్పించే బ్యాక్టీరియా పెరుగుతుంది. వండిన గంటలోపు నీళ్లో మజ్జిగో పోసి చల్లని చోట పెట్టండి, లేదా ఫ్రిజ్‌లో ఉంచండి.

పులిసిన తిండికి దాని విలువ దానికి ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది మీద చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో పెరుగు లాంటి పులిసిన ఆహారాలు తిన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే ప్రొటీన్లు తగ్గాయి. ఇంట్లో తోడేసిన పెరుగు చాలు. పుల్లట్ల పిండి పులుస్తుంది నిజమే గానీ పెనం మీద కాలాక అందులో బతికున్న బ్యాక్టీరియా మిగలదు. పుల్లట్టును రుచికోసం తినండి, మందనుకోకండి.

రాగులకు మారేవాళ్లకు ఒక్క మాట. సంగటి వేరు, చక్కెర వేసిన మాల్టు వేరు. పలచగా కాచి తీపి కలిపిన రాగిజావ తొందరగా అరిగి తొందరగా ఆకలేయిస్తుంది. సంగటి ముద్ద పక్కన ఆకుకూర పప్పో చేపల పులుసో ఉంటే రాత్రి భోజనం అక్కడితో నిండుతుంది.

ఇదంతా నిదానంగా చేయాలి. పీచు అలవాటు లేని పేగులో ఒక్కసారిగా శనగలు కుమ్మరిస్తే ఉబ్బరం, గ్యాసు వచ్చి మూడోరోజే మానేస్తారు. మొదటి వారం పూటకు ఒక గరిటె కూర అదనం. తర్వాతి వారం రెండు రోజులు గుగ్గిళ్లు. పప్పుధాన్యాలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికించండి. నీళ్లు ఎక్కువ తాగండి. లోపలి బ్యాక్టీరియా కొత్త తిండికి సర్దుకున్నాక ఉబ్బరం తగ్గుతుంది.

ఇన్ని వండుకునే బదులు ఫైబర్ పొడి కొనుక్కుంటే పోదా అంటారు కొందరు. దీనికి జవాబు మళ్లీ విజయ్‌కుమార్ దగ్గరే ఉంది. 2018లో 'సెల్' పత్రికలో ఆయన బృందం ప్రచురించిన పరిశోధనలో, శుద్ధిచేసిన ఇన్యులిన్ పీచును మేతలో కలిపి పెడితే, పేగు బ్యాక్టీరియా అప్పటికే చెదిరి ఉన్న ఎలుకల్లో కొన్నింటికి కామెర్లు, ఆపైన కాలేయ క్యాన్సర్ వచ్చాయి. బ్యాక్టీరియా సరిగా ఉన్నవాటికి అదే పీచు అలాంటి కీడు చేయలేదు. ఊబకాయానికి మందు దొరుకుతుందని ఎదురుచూసిన చోట క్యాన్సర్ కనబడితే, దాచకుండా బయటపెట్టినందుకు ఆ బృందం మీద నాకు గౌరవం పెరిగింది. ఇది ఎలుకల్లోనే, చుక్కకూరకో చిక్కుడుకాయకో భయపడమని దీని అర్థం కాదు. కాయలో, గింజలో పీచు ఒంటరిగా ఉండదు, మిగతా పదార్థాలతో అల్లుకుని కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. పీచును విడదీసి బిస్కట్టులో, పొడిలో దట్టించి అమ్మేది వేరే సరుకు. డాక్టరు రాసిస్తే తప్ప దాని జోలికి వెళ్లకండి.

చివరగా యాంటీబయాటిక్స్ సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలలోనే ఆరియోమైసిన్ పుట్టింది. ఎన్నో ప్రాణాల్ని నిలబెట్టిన మందు అది. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. ఆ ఏడాది చివర్లోనే అదే ప్రయోగశాలలో థామస్ జ్యూక్స్, ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి తొందరగా బరువెక్కడం గమనించారు. అప్పటి నుంచి పశువుల్ని, కోళ్లని బలిపించడానికి మేతలో యాంటీబయాటిక్స్ కలపడం ప్రపంచమంతా పాకింది. ఆరు దశాబ్దాల తర్వాత న్యూయార్క్‌లో మార్టిన్ బ్లేజర్ బృందం పసి ఎలుకలకు కొద్ది మోతాదులో యాంటీబయాటిక్స్ ఇచ్చి చూస్తే కొవ్వు పెరిగింది. వాటి బ్యాక్టీరియాను వేరే ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ పెరిగింది.

మన రొయ్యల గుంటల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వాడకూడదన్న నిషేధం ఉంది, విదేశాలకు వెళ్లే సరుకును పరీక్షించి మరీ పంపుతారు. ఆ రైతే ఇంటికొచ్చి, పిల్లవాడికి జలుబు చేస్తే మెడికల్ షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్ సీసా కొంటే ఎంత బాధ! జలుబు, మామూలు దగ్గు చాలావరకు వైరస్ వల్ల వచ్చేవి, వాటికి ఆ మందు పనిచేయదు. డాక్టరు చూసి రాస్తే మాత్రం చెప్పిన ప్రకారం వాడాలి, న్యుమోనియా లాంటి జబ్బుకు రాసిన మందును భయపడి మానేయకూడదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఇది నిజంగా అవసరమా అండీ?" రెండేళ్ల లోపు పిల్లల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం, వాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా అప్పుడప్పుడే కుదురుకుంటూ ఉంటుంది.

మొదలుపెట్టే ముందు దర్జీ టేపుతో నడుము కొలవండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక. మనవాళ్లకు మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి. బరువు త్రాసు మీద నెల నెలా ఎక్కితే చాలు, రోజూ ఎక్కితే నీళ్ల బరువు చూసి దిగులుపడతారు. ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం తగ్గించే ముందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి, లేకపోతే చక్కెర మరీ పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు పప్పులు, ఆకుకూరలు పెంచే ముందు తప్పక అడగాలి. మిగతావాళ్లు ఈ రాత్రే ఒక గ్లాసెడు పెసలు నానబెట్టుకోవచ్చు.